బండిలో ఫ్రిజ్ అర్ధరాత్రి ఎందుకు ఆగింది? ముందు వైరు చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం. పాత టెంపో ట్రావెలర్ కొని, వెనక సీట్లు తీయించి, రెండు పడకలు, చిన్న వంటగట్టు పెట్టించాం. మే నెలలో భద్రాచలం, మారేడుమిల్లి, లంబసింగి మీదుగా అరకు వెళ్ళి, అక్కడ రెండు రోజులుండి, విశాఖ తీరం చూసి రావాలని ఉంది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అమ్మ ఇన్సులిన్ వాడుతుంది. జనవరిలో ఒక స్నేహితుడి దగ్గర 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ అడిగి తీసుకెళ్ళాం. డ్యాష్‌బోర్డులోని సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగి వెనక పెట్టాం. పగలంతా బాగానే నడిచింది. రాత్రి రెండింటప్పుడు కీచుమని ఆగిపోయింది. పాలు విరిగిపోయాయి. తెల్లారి బండి మాత్రం ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది. ఈ కంప్రెసర్ గొడవెందుకని, చవగ్గా దొరికే 20 లీటర్ల పెల్టియర్ కూలర్ కొందామనుకుంటున్నాం. లేదా ఇంట్లో ఉన్న ఇన్వర్టరు, 150 ఏహెచ్ (ఆంప్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ బండిలోకి ఎక్కించి చిన్న ఇంటి ఫ్రిజ్ పెట్టుకోవచ్చా? సోలార్ ఎంత కావాలి? వడ్రంగి ఫ్రిజ్‌కి ప్లైవుడ్ పెట్టె చేస్తానంటున్నాడు, మూడు వైపులా మూసి. సరేనా?

సమాధానం: మీ జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. తెల్లారి బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయిందని రాశారు. అంటే ఆ రాత్రి బ్యాటరీ అయిపోలేదు. ఫ్రిజ్ కూడా పాడవలేదు. బ్యాటరీలో ఉన్న వోల్టేజి ఫ్రిజ్ దాకా చేరలేదు, అంతే. కాబట్టి కంప్రెసర్ ఫ్రిజ్‌ని వదులుకోకండి. మీ ఊరి ఎండకి, మీ అమ్మగారి మందుకి పనికొచ్చేది అదొక్కటే.

ఆ రాత్రి ఏం జరిగిందో లెక్కేసి చూద్దాం. ఈ ఫ్రిజ్‌లలో బ్యాటరీని కాపాడే ఏర్పాటు ఒకటుంటుంది. సెట్టింగుల్లో హెచ్ (హై), ఎం (మీడియం), ఎల్ (లో) అని మూడు స్థాయిలు. హెచ్‌లో పెడితే, చాలా మోడళ్ళలో, ఫ్రిజ్ దగ్గర వోల్టేజి 11.1కి పడగానే కంప్రెసర్ ఆగిపోతుంది, మళ్ళీ 12.4 దాటితే తప్ప మొదలవదు. కంపెనీని బట్టి ఈ అంకెలు కాస్త అటూఇటూ ఉంటాయి, మీ మాన్యువల్లో చూసుకోండి. ఇప్పుడు వైరు సంగతి. డ్యాష్‌బోర్డు నుంచి వెనక దాకా ఆరు మీటర్లనుకుందాం. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి పన్నెండు మీటర్ల రాగి. సాకెట్లకి వేసే 1 స్క్వేర్ ఎంఎం వైరుకి ఆ పొడవులో 0.21 ఓమ్‌ల అడ్డు ఉంటుంది. 5 ఆంపులు లాగితే 1 వోల్టు దారిలోనే వేడిగా పోతుంది. సాకెట్ లోపల మధ్యలో ఉండే స్ప్రింగు మొన బండి కుదుపులకి వదులవుతుంది, అక్కడ ఇంకో 0.2 పోతుంది. రాత్రి రెండింటికి మీ బ్యాటరీ 12.3 దగ్గర ఉండి ఉంటుంది. ఫ్రిజ్‌కి అందింది 11.1. ఆగిపోయింది. ఆగిన క్షణాన కరెంటు లాగడం మానేసింది కాబట్టి వోల్టేజి మళ్ళీ 12.3కి లేచింది, కానీ 12.4 కాలేదు. అందుకే తెల్లారేదాకా తిరిగి మొదలవలేదు.

ఇది నిజమో కాదో అరగంటలో తేల్చుకోవచ్చు. ఫ్రిజ్ అడిగి తెచ్చుకుని, ఉష్ణోగ్రత బాగా తగ్గించి పెట్టి కంప్రెసర్ ఆగకుండా తిరిగేలా చేయండి. మల్టీమీటరుతో ముందు బ్యాటరీ టెర్మినళ్ళ మీద వోల్టేజి కొలవండి, తర్వాత ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర. కంప్రెసర్ తిరుగుతుండగా కొలవాలి, ఆగి ఉన్నప్పుడు కొలిస్తే రెండుచోట్లా ఒకే అంకె కనబడి మోసపోతారు. తేడా 0.3 వోల్టు లోపుంటే వైరింగ్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే వైరు మార్చాల్సిందే. అలాగే పావుగంట నడిచాక సాకెట్ నుంచి ప్లగ్గు పీకి, మొన ముట్టుకోండి. చుర్రుమంటే అక్కడ కాంటాక్టు లేదు. ప్లగ్గు ప్లాస్టిక్ కరగడం, సాకెట్ మాడడం, అన్నీ ఇక్కడినుంచే.

మార్చాల్సిన వైరు 6 స్క్వేర్ ఎంఎం, సన్న తీగలు ఎక్కువగా ఉండే మెత్తటి రాగి వైరు. ఇళ్ళ గోడల్లో వేసే గట్టి వైరు వద్దు, కుదుపులకి లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొస) దగ్గర విరుగుతుంది. అదే ఆరు మీటర్ల దూరానికి 6 స్క్వేర్‌లో 5 ఆంపుల దగ్గర పోయేది 0.18 వోల్టు మాత్రమే. ప్లస్సు, మైనస్సు రెండూ బ్యాటరీ నుంచి నేరుగా లాగించండి. మైనస్సుని చాసిస్‌కి ఎర్త్ చేస్తే చాలని మెకానిక్ అంటాడు. హెడ్‌లైటుకి సరిపోతుంది గానీ, తుప్పు, రంగు, వదులైన బోల్టు మధ్య ఫ్రిజ్‌కి సరిపోదు. ప్లస్సు వైరుకి బ్యాటరీ నుంచి 20 సెంటీమీటర్ల లోపే 15 ఆంపుల ఫ్యూజు. ఫ్యూజు ఉన్నది ఫ్రిజ్‌ని కాపాడడానికి మాత్రమే కాదు. వైరు ఎక్కడో రేకు అంచుకి రాసుకుని ఒరిసిపోతే బండి అంటుకోకుండా ఆపేది అదే. అందుకే దాన్ని ఫ్రిజ్ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర పెట్టాలి. రేకులో కన్నం చేసిన ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ వేయించండి. చివర సిగరెట్ ప్లగ్గు తీసేసి 50 ఆంపుల ఆండర్సన్ కనెక్టరు (కుదుపులకి వదులవని, గట్టిగా పట్టే ప్లగ్గు) పెట్టించండి. లగ్గులు క్రింపింగ్ టూలుతో నొక్కించండి, పటకారుతో కాదు.

ఇక పెల్టియర్ కూలరు. ఇందులో కంప్రెసరూ గ్యాసూ ఉండవు. చిన్న పలక గుండా కరెంటు పంపితే ఒక పక్క చల్లబడుతుంది, రెండో పక్క వేడెక్కుతుంది. బయటి గాలికన్నా 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. ఖమ్మంలో మేలో 43 డిగ్రీలంటే వింతేమీ కాదు. ఎండలో నిలిపిన బండి లోపల ఇంకా ఎక్కువ. అప్పుడు దాని పెట్టెలో 23 నుంచి 28 డిగ్రీలు. ఆ వేడికి పెరుగు చక్కగా తోడుకుంటుంది, నిలవ ఉండదు. పోనీ కరెంటు ఆదా అవుతుందా అంటే అదీ లేదు. 48 వాట్ల కూలరు ఆగకుండా నడుస్తుంది కాబట్టి రోజుకి 1,150 వాట్ అవర్లు తింటుంది. 45 వాట్ల కంప్రెసర్ ఫ్రిజ్ ఎంత మండు వేసవిలోనైనా అంత తినదు. చవకైనది కొని ఖరీదైన బ్యాటరీ మోయడం అవుతుంది. కొనకండి. (గ్యాసు, బండి బ్యాటరీ, ఇంటి కరెంటు మూడింటి మీదా నడిచే ఫ్రిజ్‌లు విదేశీ క్యారవాన్లలో ఉంటాయి. బండి సమంగా నిలబడాలి, మన ఎండకి సత్తువ చాలదు, నడిచే బండిలో మంట వెలిగించకూడదు. మీకు ఆ ఆలోచనే వద్దు.)

ఇంటి ఫ్రిజ్, ఇన్వర్టర్ ఆలోచనలో తప్పు కరెంటు చాలకపోవడం కాదు. 150 ఏహెచ్ ట్యూబులర్‌లో సగం వాడుకున్నా 75 ఏహెచ్ వస్తుంది, ఒక రాత్రికి ఎక్కువే. తప్పులు వేరే చోట ఉన్నాయి. ఆ బ్యాటరీ 50, 60 కిలోల బరువు. లోపల యాసిడ్ ద్రవంగా ఉంటుంది, మారేడుమిల్లి ఘాట్ మలుపుల్లో తొణికి మూతల్లోంచి కారుతుంది. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. ఇంట్లో వరండాలో పెడతాం కాబట్టి తెలియదు గానీ, మూసిన బండిలో మనుషులు పడుకునే చోట, పక్కనే పొయ్యి వెలిగించే చోట అది ఉండకూడదు. పైగా లెడ్ బ్యాటరీ చివరి 20 శాతం నిండడానికి గంటలు గంటలు తీసుకుంటుంది. మూడు గంటలు బండి నడిపితే పూర్తిగా నిండదు, అలా సగం నిండి సగం ఖాళీ అవుతూ త్వరగా చచ్చిపోతుంది. ఇన్వర్టరు ఏమీ నడపకుండా ఆన్‌లో ఉన్నందుకే గంటకి ఒక ఆంపు దాకా తినేది మామూలే, అంటే రోజుకి 20 ఏహెచ్‌కి పైగా వృథా. ఇంటి ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కన్నా అనేక రెట్ల కరెంటు లాగుతుంది, చిన్న ఇన్వర్టరు అక్కడే ట్రిప్ అవుతుంది. నిలువు తలుపు తీసినప్పుడల్లా చల్లగాలంతా కాళ్ళ మీద పోతుంది. మన రోడ్ల మీద ఆ తలుపు తెరుచుకోకుండా ఉండడం ఇంకో పని.

కాబట్టి పైమూత తెరిచే 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్. ఐదుగురికి 40 లీటర్లు చాలు. కొనేటప్పుడు లీటర్ల కన్నా ముందు వెనకున్న స్టిక్కరు చదవండి. అందులో క్లైమేట్ క్లాస్ అని ఒక అక్షరం ఉంటుంది. ఎన్ అంటే 32 డిగ్రీల బయటి వేడి వరకు, ఎస్‌టీ అంటే 38 వరకు, టీ అంటే 43 వరకు పనిచేసేలా చేసినది. మీరు టీ ఉన్నదే తీసుకోవాలి. కంపెనీలు రోజుకి ఇంత కరెంటే అని చెప్పే లెక్క ఏ వేడి దగ్గర కొలిచారో చూడండి. 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె ఖమ్మం మే నెలకి పనికిరాదు, రెట్టింపు వేసుకోండి. కంప్రెసర్ ఎవరిదో అడగండి. సెకాప్ పేరున్నవి ఈ పనిలో పాతకాపులు. 2010కి ముందు డాన్‌ఫాస్ పేరుతో వచ్చినవే అవి. మూత రబ్బరు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే ఆ మూత గాలి పట్టదు. మీరు వాడే లీటరు సీసా, పిండి డబ్బా షాపుకి పట్టుకెళ్ళి నిలబెట్టి చూడండి. ఒక పక్క ఫ్రిజ్, ఒక పక్క ఫ్రీజరు ఉండే రెండు గదులది మీకు అవసరం లేదు, మైనస్ 18 నిలబెట్టడానికి కరెంటు దాదాపు రెట్టింపు అవుతుంది. విశాఖలో రొయ్యలు ఏ పూటవి ఆ పూటే దొరుకుతాయి.

ఇప్పుడు అసలు పద్దు. 45 వాట్ల కంప్రెసర్, 32 డిగ్రీల వాతావరణంలో గంటకి ఇరవై నిమిషాల చొప్పున తిరుగుతుంది. రోజుకి 360 వాట్ అవర్లు. అరకు, లంబసింగి అంతే. ఖమ్మం, భద్రాచలం, చింతూరు దారిలో 42 డిగ్రీల దగ్గర గంటకి ముప్పై ఐదు నలభై నిమిషాలు తిరుగుతుంది, అంటే రోజుకి 650 నుంచి 700. దీనికి రెండు చిన్న డీసీ ఫ్యాన్లు రాత్రంతా, ఒక 250. దీపాలు, ఫోన్లు 100. మొత్తం మీద మైదానంలో రోజుకి వెయ్యి వాట్ అవర్లు, కొండ మీద 600, 700. ఈ అంకెల మీదే మిగతావన్నీ నిలబడతాయి.

12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 వాట్ అవర్లుంటాయి. అందులో 80, 85 శాతం ధైర్యంగా వాడుకోవచ్చు, అంటే దాదాపు 1,050. బరువు పది పన్నెండు కిలోలు. మీకు అది సరిపోతుంది, ఎందుకంటే మీరు దాదాపు రోజూ బండి నడుపుతారు. దాన్ని ఇంజిన్ బ్యాటరీకి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) ద్వారా నేరుగా కలపమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఖాళీ అయిన లిథియం బ్యాటరీ ఇచ్చినంత కరెంటూ తాగేస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడి మీద ఉంటుంది, బండికి వేగం ఉండదు, గాలి తగలదు. అప్పుడే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసేది) మీద మొత్తం భారం పడి అది మాడిపోవచ్చు. మధ్యలో 30 ఆంపుల డీసీ టు డీసీ ఛార్జరు పెట్టించాలి. అది 30 ఆంపులకి మించి తీసుకోదు, లిథియంకి కావలసిన వోల్టేజి తనే తయారు చేస్తుంది. ఖమ్మం నుంచి భద్రాచలం చేరే మూడు గంటల్లో దాదాపు 90 ఏహెచ్ ఎక్కిస్తుంది. ముందున్న ఇంజిన్ బ్యాటరీ నుంచి ఛార్జరు దాకా 16 స్క్వేర్ వైరు, రెండు చివర్లా 60 ఆంపుల ఫ్యూజులు. దాన్ని ఆన్ చేసే సన్న వైరుని ఇగ్నిషన్‌కి కలపండి. ఇంజిన్ ఆగితే ఛార్జరు ఆగాలి, లేకపోతే ముందు బ్యాటరీని వెనక బ్యాటరీ తాగేసి తెల్లారి బండి కదలదు. ఈ పని అయ్యాక ఫ్రిజ్ వైరు వెనక బ్యాటరీ నుంచే వెళ్తుంది, ఆరు మీటర్లు కాస్తా రెండు మీటర్లవుతుంది. వోల్టేజి పడిపోయే సమస్య సగం అక్కడే తీరుతుంది. ఫ్రిజ్ సెట్టింగు అప్పుడు హెచ్ నుంచి ఎంకి మార్చండి. హెచ్ అనేది ఇంజిన్ బ్యాటరీ మీద నడిపేటప్పుడు ఉంచుకోవలసిన జాగ్రత్త.

లిథియం బ్యాటరీని పడక కింద, నీడ పట్టున పెట్టండి, రేకు గోడకి ఆనించవద్దు. లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూటు) బాగా వేడెక్కితే ఛార్జింగ్ ఆపేస్తుంది, బ్యాటరీ చెడిపోయిందని మీరు కంగారు పడతారు. ముందుముందు లడఖ్, స్పితి వైపు వెళ్ళే ఆలోచన ఉంటే కొనేటప్పుడే సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ ఆపే రక్షణ ఉందో లేదో అడగండి. గడ్డకట్టే చలిలో ఛార్జి చేస్తే ఆ బ్యాటరీ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది.

సోలార్ మీకు రోజూ అవసరం లేదు. అరకులో బండి కదలకుండా ఉండే రెండు రోజులకి కావాలి. 200 వాట్ల ప్యానెల్ పైకప్పు మీద పడుకోబెట్టి బిగిస్తే మంచి ఎండలో రోజుకి 700, 750 వాట్ అవర్లు వస్తాయి. కొండ మీద మీ ఖర్చు దాదాపు అంతే, చెల్లుకి చెల్లు. మబ్బు పట్టిన రోజున 200 వచ్చినా సంతోషించండి. ప్యానెల్ కింద రెండు మూడు సెంటీమీటర్లు గాలి ఆడే సందు వదలాలి. ప్యానెల్ 65 డిగ్రీలకి కాగితే దాదాపు 15 శాతం కరెంటు తగ్గిపోతుంది. ఛార్జ్ కంట్రోలరు ఎంపీపీటీది (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టే రకం), లిథియం సెట్టింగు ఉన్నది తీసుకోండి. ఒక్క చిక్కుంది. ప్యానెల్‌కి ఎండ కావాలి, ఫ్రిజ్‌కి నీడ కావాలి, రెండూ ఒకే బండిలో ఉన్నాయి. ప్యానెల్ మీద ఒక మూల చింతకొమ్మ నీడ పడినా ఉత్పత్తి సగానికి పడిపోవచ్చు. మీ ప్రయాణాల తీరుకి మడత పెట్టే ప్యానెల్ నయం: బండిని చెట్టు కింద నిలిపి, ప్యానెల్‌ని ఎండలో పరిచి, 6 స్క్వేర్ వైరు ఐదారు మీటర్లు లాగితే చాలు. గంటన్నరకోసారి ఎండ వైపు తిప్పడానికి పిల్లలున్నారు. ఏది ముందు కొనాలన్న సందేహం వస్తే, మొదట వైరు, తర్వాత డీసీ ఛార్జరు, బ్యాటరీ, ప్యానెల్ చివర.

వడ్రంగి పెట్టె దగ్గర కాస్త ఆగండి. ఫ్రిజ్ అంటే చలిని తయారు చేసే యంత్రం కాదు, లోపలి వేడిని మోసుకొచ్చి బయట పోసే యంత్రం. ఆ వేడి పోవడానికి దారి లేకపోతే తను పోసిన వేడినే మళ్ళీ పీల్చుకుంటుంది. మూడు వైపులా మూసిన ప్లైవుడ్ పెట్టెలో 40 లీటర్ల ఫ్రిజ్ రోజంతా ఆగకుండా తిరుగుతుంది, మీరు వేసుకున్న పద్దంతా తలకిందులవుతుంది. గాలి ఎటు నుంచి లోపలికి వెళ్తోంది, ఎటు నుంచి వస్తోంది అనేది ముందు తెలుసుకోవాలి. వార్తాపత్రిక అంచు చిన్న పేలికలా చింపి, ఫ్రిజ్ నడుస్తుండగా జాలీల దగ్గర పట్టుకోండి. ఒక జాలీకి కాగితం అతుక్కుంటుంది, అది పీల్చే వైపు. ఇంకోదాని దగ్గర రెపరెపలాడుతూ బయటికి ఎగురుతుంది. ఈ రెండు జాలీల ఎదురుగా పది సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. పెట్టెకి పీల్చే వైపు అడుగున ఒక కిటికీ, వదిలే వైపు పైన ఒకటి కోయించండి, ఒక్కోటి మీ అరచేతి కన్నా పెద్దది. రెండిటి మధ్యా, ఫ్రిజ్‌కి పెట్టెకి నడుమ ఉన్న సందుని స్పాంజి పట్టీతో మూయించండి, వేడిగాలి చుట్టు తిరిగి వెనక్కి రాకుండా. వదిలే కిటికీకి కంప్యూటర్లలో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాను ఒకటి బిగిస్తే అది తినేది 0.2 ఆంపు, మిగిల్చేది అంతకు చాలా రెట్లు. పీల్చే కిటికీ దగ్గర ఒక థర్మామీటరు వేలాడదీసి చూడండి. బండి లోపలి గాలికన్నా అక్కడ 5 డిగ్రీలు ఎక్కువుంటే వేడి ఇంకా లోపలే తిరుగుతోందని అర్థం.

బరువు సంగతి కూడా చెప్పాలి. ఖాళీ ఫ్రిజ్ 15 కిలోలు, నిండాక 35, 40. సడెన్ బ్రేకు వేస్తే అది పిల్లల మీదికి వచ్చే బరువు. స్లైడు ఛానెల్ మీద పెడితే సరిపోదు, నేలకి బోల్టు చేసిన రింగులకి రాచెట్ బెల్టుతో కట్టాలి. ఘాట్ వాలులకి కంప్రెసర్ తట్టుకుంటుంది, 30 డిగ్రీల వాలు దాకా ఇబ్బంది లేదు. కానీ ఎక్కించేటప్పుడు అడ్డంగా పడుకోబెట్టి మోస్తే, నిలబెట్టి కొన్ని గంటలాగాకే ఆన్ చేయండి. లోపలి ఆయిలు తన చోటికి దిగాలి.

అమ్మగారి ఇన్సులిన్. తెరవని వయల్స్, పెన్ను కార్ట్రిడ్జులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందరూ వేడికి భయపడతారు గానీ, ఈ ఫ్రిజ్‌లో అంతకన్నా పెద్ద ప్రమాదం గడ్డకట్టడం. చల్లబరిచే గొట్టాలు లోపలి గోడల్లోనే ఉంటాయి. డిస్‌ప్లే మీద 4 అని ఉన్నా గోడని ఆనుకున్న చోట సున్నాకి దిగొచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగి మామూలుగా కనబడినా పనికిరాదు, పారేయాల్సిందే. అందుకని ఫ్రిజ్‌ని 5 దగ్గర పెట్టండి. మందుని మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, గుడ్డ చుట్టి, ఫ్రిజ్ మధ్యలో, పైకి, బుట్టలో ఉంచండి. గోడకి గానీ ఐసు ప్యాకుకి గానీ తగలకూడదు. అదే డబ్బాలో కనిష్ఠ గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే చిన్న డిజిటల్ థర్మామీటరు పెట్టండి. పొద్దున్నే ఆ రెండు అంకెలు చూస్తే రాత్రి ఏం జరిగిందో తెలిసిపోతుంది, డిస్‌ప్లేని నమ్మాల్సిన పని లేదు. వాడుతున్న పెన్ను ఎన్ని రోజులు, ఎంత వేడి వరకు బయట ఉండొచ్చో మందుని బట్టి మారుతుంది. అట్టపెట్టె మీద రాసి ఉంటుంది, డాక్టరు గారిని అడిగి నిర్ధారించుకోండి.

మందు మొత్తం ఒకేచోట పెట్టకండి. ఫ్రిజ్ ఆగితే ఆదుకోవడానికి మంచి ఫ్లాస్కు ఒకటి, నీళ్ళలో నానబెట్టే గుడ్డ పౌచ్ ఒకటి దగ్గరుంచుకోండి. ఆ పౌచ్ మన మట్టికుండ సూత్రమే: తడి ఆరుతూ చల్లబరుస్తుంది. ఖమ్మం పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. విశాఖ తీరంలో గాలిలోనే తడి ఉంటుంది, అక్కడ దాన్ని నమ్ముకోకండి. ఊళ్ళో మెడికల్ షాపుల వేళలు ముందే కనుక్కుని, మందుచీటీ వెంట పెట్టుకోండి.

సర్దడం ఒక విద్య. బయలుదేరే ముందు రాత్రే ఇంటి కరెంటు మీద ఫ్రిజ్‌ని నడిపి చల్లబరచండి, ఇంటి ఫ్రిజ్‌లో చల్లారిన వస్తువులే అందులోకి మార్చండి. ఎండలో కాగిన లీటరు నీళ్ళ సీసాలు ఐదు ఒక్కసారి లోపల పెడితే, వాటిని 38 నుంచి 5 డిగ్రీలకి దించడానికే కంప్రెసర్ దాదాపు మూడు గంటలు ఏకబిగిన తిరగాలి. తాగే నీళ్ళకి ఒక మట్టి కూజా కట్టి పెట్టుకోండి, కరెంటు ఖర్చు లేదు, ఫ్రిజ్ మూత తెరిచే పని సగం తగ్గుతుంది. చలి కిందికి దిగుతుంది కాబట్టి పాలు, పెరుగు అడుగున. పాల ప్యాకెట్లు నేరుగా పెట్టకండి, ఘాట్‌లో ఒకటి చిట్లితే వాసన నెల రోజులు పోదు. స్టీలు గిన్నెలో నిలబెట్టండి. ఇడ్లీ పిండి పులిసి పొంగుతుంది, డబ్బాలో మూడోవంతు ఖాళీ వదలండి. కంప్రెసర్ మీద గట్టులా ఎత్తుగా ఉండే చోట చలి తక్కువ, అక్కడ కొత్తిమీర, పచ్చిమిర్చి, టమాటాలు. ఆవకాయకి ఫ్రిజ్ అక్కర్లేదు. ఖాళీ జాగా మిగిలితే గడ్డకట్టించిన నీళ్ళ సీసా ఒకటి అడుగున పెట్టండి. బండి నడుస్తున్నప్పుడు మ్యాక్స్ మోడ్‌లో, ఆగి ఉన్నప్పుడు ఎకో మోడ్‌లో ఉంచండి. ఇంజిన్ ఇస్తున్నప్పుడే చలిని దాచుకోవడం లాభం.

ఇవన్నీ బిగించాక నేరుగా మారేడుమిల్లి అడవిలోకి వెళ్ళకండి. ఇంటి ముందే ఎండలో బండిని రెండు రాత్రులు, ఒక పగలు నిలిపి చూడండి. బ్యాటరీ మైనస్ దగ్గర షంట్ (వెళ్ళే కరెంటుని కొలిచే ముక్క) ఉన్న మీటరు పెట్టిస్తే ఎన్ని ఏహెచ్ ఖర్చయిందో అంకెలో కనబడుతుంది. ఇరవై నాలుగు గంటల్లో ఫ్రిజ్ ఒక్కటే 55 ఏహెచ్ లోపు తింటే మీ పెట్టె, వైరు, మూత అన్నీ సరిగ్గా ఉన్నట్టే. 70 దాటితే ముందు పీల్చే కిటికీ దగ్గరి థర్మామీటరు చూడండి, తర్వాత మూత రబ్బరు. డిస్‌ప్లే మీద తప్పు కోడ్ ఏదైనా మెరిస్తే మాన్యువల్ తీసి చూడండి; తక్కువ వోల్టేజి అని ఉంటే కంపెనీకి ఫోను చేయబోయే ముందు ఫ్యూజు హోల్డరు, లగ్గులు చేత్తో కదిపి చూడండి. ఆ పరీక్ష జరిగినన్ని గంటలూ ఇన్సులిన్ ఇంటి ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. బండి ఫ్రిజ్‌లోని చిన్న డబ్బాలో థర్మామీటరు ఒక్కటే పెట్టి, రెండు తెల్లవార్లూ అంకెలు 2కీ 8కీ మధ్యే ఉన్నాయని చూసుకున్నాక మందు మార్చండి.